కింది స్వరాన్ని వినే చదువు

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి చుట్టుపక్కల చాలా ఊళ్లలో భజన మండళ్లు ఉన్నాయి. హార్మోనియం ఒకరు, ఢోలకో తబలానో ఒకరు, తాళాలు నలుగురైదుగురు, చుట్టూ గొంతు కలిపేవాళ్లు. ముందు పాడే మనిషి పాదం ఎత్తుకుంటే వెనకాల అందరూ అదే పాదాన్ని అందుకుంటారు. హార్మోనియం కూడా ఆ గొంతు వెంటే నడుస్తుంది. పదిహేను మంది కూర్చున్నా పాట ఒక్కటే. దాన్ని అందరూ కలిసి మోస్తారు.

అదే చోట ముగ్గురు మూడు వేర్వేరు వరసలు వాయిస్తున్నారనుకుందాం. నాలుగో మనిషి అడుగున, మంద్రంలో, ఇంకో వరస నడిపిస్తున్నాడు. ఒకరు ఆగిన చోట ఇంకొకరు మొదలవుతున్నారు. ఒకరు పైకి పోతుంటే ఇంకొకరు కిందికి దిగుతున్నారు. అయినా వినేవాళ్లకు గందరగోళం లేదు, అంతా కలిసి ఒకే సంగీతంగా వినబడుతోంది. ఇది ఎలా కుదురుతుంది? పదిహేనేళ్ల పిల్లలకు దీన్ని ఎలా నేర్పుతారు? సంగీత పాఠశాలల్లో విద్యార్థులతో నడిపే బరోక్ బృందాలు చేసే పని ఇదే. ఈ పని మన నిజామాబాద్ జిల్లాలో కూడా సాధ్యమేనని, అవసరం కూడానని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు చెప్పేముందు అసలు సంగతి అర్థం కావాలి.

ఐరోపాలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన సంగీతాన్ని బరోక్ సంగీతం అంటారు. ఇటలీలో మోంటెవెర్డి, కొరెల్లి, వివాల్డి, ఫ్రాన్స్‌లో లుల్లీ, కూపరిన్, ఇంగ్లండ్‌లో పర్సెల్, జర్మనీలో టెలిమాన్, బాఖ్, జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ హాండెల్ ఆ కాలపు సంగీతకర్తలు. ఈ కాలాన్ని మన దక్కన్ లెక్కలో చెప్పుకుంటే గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పాలించిన రోజుల నుంచి మొదటి నిజాం కన్నుమూసిన తర్వాత రెండేళ్ల వరకు. వేర్వేరు గొంతుల్ని అల్లే విద్య ఐరోపాకు అంతకుముందే తెలుసు. బరోక్ కాలం వాళ్లు ఆ అల్లికనంతా అడుగున నడిచే ఒక బేస్ వరస మీద నిలబెట్టారు. ఈ సంగీతం అందమంతా ఆ బేస్‌లోనే ఉంది, కష్టమంతా కూడా అక్కడే ఉంది.

ఇలాంటి బృందం పెద్దదేం కాదు. ఎనిమిది మంది నుంచి ఇరవై మంది దాకా ఉంటారు. నాలుగైదు ఫిడేళ్లు, ఫిడేలు కన్నా కాస్త పెద్దవైన వయోలాలు ఒకటో రెండో, మంద్రంలో పలికే చెల్లో ఒకటి, మీటలు నొక్కి వాయించే హార్ప్‌సికార్డ్ ఒకటి, వేణువు జాతి వాద్యం ఏదైనా ఒకటి, అప్పుడప్పుడు పాడేవాళ్లు. ముందు నిలబడి కర్ర ఊపే మనిషి చాలాసార్లు ఉండడు. హార్ప్‌సికార్డ్ దగ్గర కూర్చున్నవారో మొదటి ఫిడేలువారో వాయిస్తూనే నడిపిస్తారు.

విద్యార్థి బృందం అనగానే పెద్దల కచేరీకి చిన్న నకలు అనుకుంటాం. చరిత్ర చూస్తే సంగతి వేరు. ఈ సంగీతంలో చాలా భాగం పుట్టిందే విద్యార్థుల చేతుల్లో. వెనిస్ నగరంలో అనాథ పిల్లలను, కన్నవాళ్లు వదిలేసిన పసికందులను పెంచే ఆశ్రమాలు నాలుగు ఉండేవి. అందులో పియెతా అనే ఆశ్రమంలో 1703లో ఆంటోనియో వివాల్డి ఫిడేలు పంతులుగా చేరాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, అప్పుడే మతాచార్యుడిగా దీక్ష కూడా తీసుకున్నాడు. మధ్యలో విరామాలున్నా దశాబ్దాల పాటు ఆ ఆశ్రమంతో ఆయన సంబంధం తెగలేదు. ఆయన రాసిన కన్‌చెర్టోలు 500 దాకా ఉంటాయి. ఒకరిద్దరు వాద్యకారులు ముందుకొచ్చి మిగతా బృందంతో మాటకు మాట అన్నట్టు వాయించే రచనను కన్‌చెర్టో అంటారు. వాటిలో చాలా వాటిని మొదట వాయించింది ఆ ఆశ్రమం ఆడపిల్లలే.

వాళ్లు చర్చి పైఅంతస్తులో ఇనుప జాలీల వెనక కూర్చుని వాయించేవాళ్లు. ముఖాలు కనబడవు, సంగీతం మాత్రం కిందికి వచ్చేది. ఐరోపా నలుమూలల నుంచి వచ్చిన యాత్రికులు వినడానికి అక్కడికి వెళ్లేవాళ్లు. 1740లలో వెనిస్‌లో ఉన్న తత్వవేత్త రూసో అక్కడి ఆశ్రమాల సంగీతం ఒపెరా కన్నా గొప్పదని తన ఆత్మకథలో రాసుకున్నాడు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకో సంగతి. పియెతాలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పేవాళ్లు. బాగా నేర్చినవాళ్లు అక్కడే గురువులయ్యేవాళ్లు. ఆన్నా మారియా అనే అమ్మాయి అలా ఆ ఆశ్రమంలోనే పెరిగి ఐరోపా అంతా పేరు వినిపించిన ఫిడేలు విద్వాంసురాలయింది. ఇంటిపేరు కూడా లేని పిల్ల. ఆమె కోసం వివాల్డి ప్రత్యేకంగా కన్‌చెర్టోలు రాశాడు.

జర్మనీలో లైప్‌జిగ్ కథ ఇంకో రకం. న్యాయశాస్త్రం చదువుకోవడానికి వచ్చిన టెలిమాన్ 1702 ప్రాంతంలో అక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థులతో ఒక సంగీత బృందం కట్టాడు. ఆయన ఊరు వదిలి వెళ్లిపోయినా బృందం ఆగలేదు. 1729లో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ దాని బాధ్యత తీసుకున్నాడు. జిమ్మర్‌మాన్ అనే ఆయన కాఫీ హోటల్లో శుక్రవారం సాయంత్రాలు రెండు గంటల సేపు వాయించేవాళ్లు. వాయించేవాళ్లలో చాలామంది న్యాయమో మతమో చదువుకునే కుర్రాళ్లు, సంగీతాన్ని వృత్తిగా పెట్టుకున్నవాళ్లు కారు. హోటల్ యజమానికి కాఫీ అమ్ముడుపోయేది, పిల్లలకు బాఖ్ దగ్గర కూర్చుని వాయించే అదృష్టం దక్కేది.

ఇక అసలు పాఠంలోకి వెళ్దాం. ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు ముందు పెట్టుకుని చదివితే మంచిది. శంకరాభరణం స్వరాలు చాలు.

పాఖెల్‌బెల్ అనే జర్మన్ సంగీతకారుడు (1653–1706) మూడు ఫిడేళ్లకు, ఒక బేస్‌కు రాసిన కానన్ ఒకటి ప్రపంచమంతా తెలిసినది. దాని బేస్ వరసలో ఎనిమిదే స్వరాలు: స ప ద గ మ స మ ప. మంద్రంలో, తాపీగా, ఒక్కో స్వరానికి సమానంగా సమయం ఇస్తూ వాయించండి. చెల్లో వాయించేవారు మొదటి నుంచి చివరిదాకా ఈ ఎనిమిది స్వరాలనే 28 సార్లు వాయిస్తారు, ఒక్క స్వరం మారదు. దాని మీద మొదటి ఫిడేలు పై గాంధారం నుంచి దిగుతూ మొదలవుతుంది: గ రి స ని ద ప ద ని. ఇద్దరు మనుషులు, ఇద్దరి చేతిలో ఎనిమిదేసి స్వరాలు. ఒకరు బేస్, ఒకరు పైవరస వాయించి చూడండి. అడుగున షడ్జం ఉన్నప్పుడు పైన గాంధారం. అడుగు పంచమానికి రాగానే పైన రిషభం. అడుగు ధైవతం, పైన షడ్జం. ప్రతిసారీ పైస్వరం కిందిస్వరం నుంచి లెక్కపెడితే మూడోదో ఐదోదో అవుతుంది. అందుకే ఆ జంట అంత హాయిగా కుదురుతుంది.

ఎనిమిది స్వరాలు అయిపోగానే మొదటి ఫిడేలు కొత్త వరసలోకి వెళ్తుంది. అప్పుడే రెండో ఫిడేలు అందుకుని, మొదటిది ఇంతకుముందు వాయించిన గ రి స ని మొదలుపెడుతుంది. ఇంకో ఎనిమిది స్వరాలకు మూడోది. కానన్ అంటే ఇదే: ముగ్గురూ ఒకే దారిలో ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలాగా. అందరూ అదే చోటు మీదుగా వెళ్తారు, కానీ ఏ క్షణంలో చూసినా ఒక్కొక్కరు ఒక్కో చోట ఉంటారు. రచయిత నేర్పు ఎక్కడుందంటే, ఏ క్షణంలోనైనా ఆ మూడు చోట్లా మోగే స్వరాలు అడుగున ఉన్న బేస్‌తో పొసగాలి. అది ముందే ఆలోచించి రాయాలి.

ఈ చిన్న పాఠంలోనే మన సంగీతానికి, దీనికి ఉన్న పెద్ద తేడా దొరుకుతుంది. మనకు తంబురా ఉంది. షడ్జ పంచమాలు కచేరీ మొత్తం కదలకుండా మోగుతాయి. ఏ స్వరం పలికినా ఆ కదలని షడ్జంతో కొలుస్తాం. బరోక్‌లో అడుగే కదులుతుంది. పైన ధైవతాన్ని ఒకే తీరుగా పట్టి ఉంచండి. అడుగున మధ్యమం వస్తే ఆ ధైవతానికి తీపి వస్తుంది. అడుగు ధైవతానికే వస్తే గంభీరంగా ఉంటుంది. అడుగున పంచమం వస్తే ఎక్కడికో పోవాలన్న తొందర పుడుతుంది. పైన ఉన్నవాళ్లు వేలు కదపలేదు, అయినా వాళ్ల స్వరానికి అర్థం మారిపోయింది. అందుకే బరోక్ బృందంలో కొత్తగా చేరిన పిల్లలకు గురువులు మొదట చెప్పే మాట నీ వరస కాదు, కింది వరస విను అని. ఫిడేలు వాయించే పిల్ల తన పాఠం ఎంత బాగా వల్లించినా, చెల్లో ఏ స్వరం మీద ఉందో వినకపోతే ఆ పాఠం సగమే వచ్చినట్టు.

ఆ బేస్ వాయించేవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. చెల్లో బేస్ స్వరాలు వాయిస్తుంటే హార్ప్‌సికార్డ్ ముందు కూర్చున్నవారు ఎడమచేత్తో అవే స్వరాలు వాయిస్తూ, కుడిచేత్తో పైన స్వరగుచ్ఛాలు కలుపుతారు. స గ ప కలిపి నొక్కితే వచ్చేది అలాంటి గుచ్ఛమే. విచిత్రం ఏమిటంటే ఆ కుడిచెయ్యి ఏం వాయించాలో కాగితం మీద ఉండదు. బేస్ స్వరం కింద చిన్న అంకె మాత్రం ఉంటుంది. అంకె ఏమీ లేకపోతే బేస్ నుంచి మూడో స్వరం, ఐదో స్వరం కలపాలి. 6 అని ఉంటే మూడోది, ఆరోది. 4 పక్కన 3 ఉంటే, ముందు నాలుగోది పట్టుకుని తర్వాత మూడోదానికి దిగాలి. అడుగున షడ్జం ఉందనుకోండి, నాలుగోది మధ్యమం, మూడోది గాంధారం. మన చెవికి షడ్జ మధ్యమాలు పొసగే జంటే. కానీ ఇక్కడ పక్కనే పంచమం కూడా మోగుతుంటుంది, మధ్యమానికి దానితో ఒరిపిడి పుడుతుంది. ఆ ఒరిపిడిని ఒక్క క్షణం ఆపి ఉంచి, గాంధారంలోకి దించితే కలిగే ఊరట ఈ సంగీతానికి ప్రాణం. కొరెల్లి రచనల్లో రెండు ఫిడేళ్లు ఇలా ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ, దిగుతూ, మళ్లీ ఒరుసుకుంటూ మెట్లు మెట్లుగా వస్తాయి. ఇద్దరు విద్యార్థులకు అలాంటి నాలుగు ఆవృతాలు ఇచ్చి చూడండి. ఒరిపిడి స్వరం మీద కాస్త బరువు పెట్టి, దిగిన స్వరాన్ని మెత్తగా వదలాలన్న సూక్ష్మం ఎవరూ చెప్పకుండానే చేతికి వస్తుంది.

అంకెల నుంచి స్వరగుచ్ఛాలు అల్లే పని అప్పటికప్పుడు, వాయిస్తూనే జరగాలి. పాడేవాళ్లు మెల్లగా ఉంటే రెండు స్వరాలు చాలు, బృందమంతా ఊపులో ఉంటే పది వేళ్లూ నిండాలి. హార్ప్‌సికార్డ్‌లో మీట నొక్కితే లోపల చిన్న ఈక మొన తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒకటే. అందుకని బలం కావాలంటే స్వరాలు పెంచాలి, మెత్తదనం కావాలంటే తగ్గించాలి.

పైవరసలో కూడా కాగితం అన్నీ చెప్పదు. కొరెల్లి ఫిడేలు సొనాటాలు, అంటే భాగాలు భాగాలుగా సాగే వాద్య రచనలు, 1700లో అచ్చయ్యాయి. అందులో నెమ్మదిగా సాగే భాగాలు చూస్తే నిడివైన స్వరాలు నాలుగు కనబడతాయి, అంతే. వాటిని అలాగే వాయిస్తే బోడిగా ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ప్రచురణకర్త అవే భాగాలను అలంకారాలతో సహా, కొరెల్లి స్వయంగా వాయించిన తీరు ఇదేనంటూ, మళ్లీ అచ్చువేశాడు. రెండు స్వరాల మధ్య పది పన్నెండు చిన్న స్వరాలు జలజలా రాలుతుంటాయి. బాఖ్ 1720లో తన తొమ్మిదేళ్ల కొడుకు కోసం రాసిన అభ్యాస పుస్తకంలో గుర్తుల పట్టిక ఒకటి పెట్టాడు. ఈ గుర్తు ఉంటే ఇలా వణికించాలి, ఈ గుర్తు ఉంటే పక్క స్వరాన్ని తాకి రావాలి అని.

ఈ పట్టికను తెలుగు పాఠకులు చూస్తే కొత్తగా అనిపించదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు తెలుగులో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఇలాంటి గుర్తులే ఉన్నాయి. కంపితానికి ఒకటి, స్ఫురితానికి ఒకటి, నొక్కుకు, జారుకు, ఒరికైకి వేరువేరు. వేలాది స్వరాల మీద ఆ గుర్తులను ఓపికగా కూర్చారు. రెండు సంప్రదాయాలదీ ఒకటే కష్టం: గురువు చేతిలో ఉన్నదాన్ని కాగితం మీదికి తేవాలి, తెచ్చినా పూర్తిగా రాదు. అందుకే బరోక్ వాయించే పిల్లలు 1750లలో వచ్చిన మూడు గ్రంథాలను, వేణువు మీద క్వాంట్స్ రాసినదాన్ని, కీబోర్డు మీద బాఖ్ కొడుకు ఒకరు రాసినదాన్ని, ఫిడేలు మీద లియోపోల్డ్ మొజార్ట్ రాసినదాన్ని ఇప్పటికీ తిరగేస్తారు. లియోపోల్డ్ మొజార్ట్ ప్రతి స్వరాన్నీ వణికించేవాళ్లను చలిజ్వరం పట్టినవాళ్లలా ఉన్నారని కోప్పడ్డాడు. వణుకు కూడా అలంకారమేనని, కావలసిన చోటే వాడాలని ఆయన మాట. మన ఫిడేలు విద్యార్థికి ఇది కలిసొచ్చే విషయం. కంపితం ఎక్కడ వేయాలో, ఎక్కడ స్వరాన్ని శుద్ధంగా నిలపాలో అన్న తూకం ఆ చేతికి ముందే అలవాటు.

ఈ సంగీతం మనకు పూర్తిగా పరాయిది కాదనడానికి సుబ్బరామ దీక్షితుల ఇంటి కథే పెద్ద ఆధారం. ఆయనను దత్తత తీసుకున్న తాత బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుల దగ్గర ఫిడేలు నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముందువారు. బాలుస్వామి అన్న ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో విన్న ఐరోపా బ్యాండు వరసలకే సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వర సాహిత్యాలని పేరున్న ఆ రచనలు 40కి దగ్గరగా ఉన్నాయి, అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే. ఇంగ్లండ్ రాజగీతం వరస కూడా వాటిలో ఉంది. ఆ వరస లండన్‌లో అచ్చయింది 1740లలో, అంటే హాండెల్ బతికి ఉన్న రోజుల్లో. ఆ తర్వాత ఫిడేలు మనదైపోయింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఫిడేలు ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో అది తెలుగువాళ్ల గొంతుకే అయింది. ఈ సంగీతం మనకెందుకు, ఇది విదేశీయం కదా అనేవాళ్లకు నా జవాబు ఈ రెండు వందల ఏళ్ల చరిత్రే. వాద్యాన్ని తీసుకున్నాం, కొన్ని వరసలు తీసుకున్నాం. ఆ వరసల కింద నడిచే బేస్‌ను మాత్రం అక్కడే వదిలేశాం.

వాద్యాల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే బరోక్ బృందం అనగానే అందరూ ముందు అడిగేది పాతకాలపు వాద్యాల గురించే. అప్పటి ఫిడేలుకు లోహపు తీగలు కాకుండా గొర్రె పేగుతో చేసిన తీగలు ఉండేవి. గడ్డం ఆనించుకునే చెక్క లేదు. కమాను బయటికి వంగి, కొస దగ్గర తేలికగా ఉండేది. అందువల్ల కమానును కిందికి లాగితే స్వరం సహజంగా బరువుగా, పైకి తోస్తే తేలికగా వచ్చేది. తాళంలో మొదటి దెబ్బకు కమాను కిందికే రావాలన్న లుల్లీ బృందం నియమాన్ని ముఫాట్ అనే సంగీతకారుడు 1698లో రాసిపెట్టాడు. నాట్యం చేసేవాళ్ల అడుగు పడే చోట కమాను బరువు పడాలి, అదీ సంగతి. శ్రుతి కూడా తక్కువ. ఇప్పుడు ప్రపంచమంతా ధైవతస్థానంలో ఉన్న ఒక స్వరాన్ని సెకనుకు 440 కంపనాలుగా పెట్టుకుంటే, బరోక్ బృందాలు 415గా పెట్టుకుంటాయి. మన లెక్కలో అర శ్రుతి దిగినట్టు. ఆ రోజుల్లో ఊరికో శ్రుతి ఉండేది, 415 అనేది ఇప్పటివాళ్లు సౌకర్యం కోసం కుదుర్చుకున్న అంకె.

ఇంకో విషయం మన చెవికి దగ్గరైనది. బాగా శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జం మీటితే కాసేపటికి అంతర గాంధారం తనంతట తానే వినబడుతుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డులో గాంధారం నొక్కితే అది తంబురా గాంధారం కన్నా కొంచెం ఎక్కువలో ఉంటుంది, సెంట్లు అనే శ్రుతి కొలతలో 386 ఉండాల్సింది 400 ఉంటుంది. బరోక్ కాలం తొలి రోజుల్లో హార్ప్‌సికార్డులను శ్రుతి చేసిన పద్ధతిలో ఆ గాంధారం తంబురాలో పలికినట్టే శుద్ధంగా ఉండేది. దానికి ప్రతిఫలంగా కొన్ని శ్రుతుల్లో వాయించడం కుదిరేది కాదు. స గ ప అన్న గుచ్ఛం ఆ శ్రుతిలో ఒక్కసారి వింటే, కీబోర్డు గాంధారం మళ్లీ చెవికి గుచ్చుకుంటుంది.

ఈ పాత వాద్యాలు, పాత పద్ధతులు మధ్యలో మరుగునపడి ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి వచ్చాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాటి చదువుకే 1933లో ఒక పాఠశాల పెట్టారు. వియన్నాలో హార్నన్‌కోర్ట్ అనే సంగీతకారుడి బృందం 1953లో మొదలైంది. అమెరికాలో జూలియార్డ్ సంగీత విద్యాలయం 2009లో ఈ విద్యకు ప్రత్యేక విభాగం తెరిచింది. ఆ విభాగం విద్యార్థుల బృందం పేరే జూలియార్డ్‌415. ఈ బృందం యేల్ విశ్వవిద్యాలయం గాయక బృందంతో కలిసి 2017లో భారతదేశం వచ్చింది. భారతీయ మూలాలున్న అమెరికా సంగీతకారిణి రీనా ఇస్మాయిల్ వాళ్ల కోసం ఒక రచన చేశారు. బాఖ్ రాసిన మాగ్నిఫికాట్ అనే చర్చి రచనలో ఉన్న వాద్యాలకు సితార్, తబలా చేర్చి, మన దేశంలోని ఏడు మతాల గ్రంథాల నుంచి మాటలు తీసుకుని ఏడు భాగాలుగా కూర్చారు. పేగు తీగల ఫిడేళ్లు, తబలా ఒకే వేదిక మీద. విద్యార్థుల కోసమే కదా అని రచయిత్రి కష్టం తగ్గించి రాయలేదు.

ఇప్పుడు మన సంగతి. జక్రాన్‌పల్లి పక్క మండలం డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రి గురించి జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. దాన్ని నిలబెట్టిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున వచ్చారు. ఆ శాఖకు కీర్తనలు రాసిపెట్టిన చార్లెస్ వెస్లీ పాటలు మూడింటికి వరసలు కట్టింది స్వయానా హాండెల్. ఆ చేతిరాత ప్రతి కేంబ్రిడ్జ్ మ్యూజియంలో ఉంది. ఆ మిషనే మెదక్‌లో కట్టిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. నాలుగు గొంతులు నాలుగు వరసల్లో పాడే అలవాటు ఈ నేల మీద చర్చి గాయక బృందాల్లో ఉంది. నిజామాబాద్‌లో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉంది. లైప్‌జిగ్ కుర్రాళ్లలాగే అక్కడి పిల్లలు సంగీతమే చదవాలని లేదు. హార్మోనియం మీద చెయ్యి తిరిగిన భజన మండలి పెద్దలున్నారు. కావలసినవాళ్లు ఉన్నారు, వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టే పని మిగిలింది.

మన సంగీత పాఠశాలల్లో ఒక లోటు ఉంది, అది నన్ను చాలా కాలంగా బాధపెడుతోంది. పాఠమంతా గురువుకు ఒక శిష్యుడికి మధ్య నడుస్తుంది. సరళీ స్వరాల నుంచి కృతుల దాకా పిల్లవాడు ఒక్కడే నేర్చుకుంటాడు, ఒక్కడే పరీక్ష రాస్తాడు, బాగా వస్తే ఒక్కడే వేదిక ఎక్కుతాడు. చాలామంది వేదిక ఎక్కరు. సర్టిఫికెట్ చేతికొచ్చాక వాద్యం అటక ఎక్కుతుంది. బృందంలో చోటు దొరికితే మధ్యరకంగా వాయించే పిల్లలకు కూడా వారానికో సాయంత్రం వెళ్లడానికి ఒక కారణం ఉంటుంది. బరోక్ రచనలు ఇందుకు అనువైనవి. వాటిలో ఒక వరసకు ఒక్కరు చాలు, చాలా వరసలు మూడో ఏడు చదివే విద్యార్థికి అందుబాటులో ఉంటాయి, అయినా కలిపి వింటే పసితనం కనబడదు.

వాద్యాల కోసం ఆగనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లలో, ఆ వెంటనే వచ్చే వానల్లో పేగు తీగలు పూటకోసారి శ్రుతి తప్పుతాయి, తెగుతాయి. హార్ప్‌సికార్డ్ చెక్క బీటలు వారుతుంది. ఇప్పుడున్న ఫిడేళ్లు, మామూలు తీగలు చాలు. కీబోర్డులలో హార్ప్‌సికార్డ్ శబ్దం ఉంటుంది, చాలా వాటిలో శ్రుతిని కొద్దికొద్దిగా దించుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. రికార్డర్ అనే పిల్లనగ్రోవి ప్లాస్టిక్‌లో చౌకగా దొరుకుతుంది, హాండెల్, టెలిమాన్ దాని కోసం చక్కటి సొనాటాలు రాశారు. చెల్లో లేకపోతే బేస్ వరసను హార్మోనియం ఎడమ వైపు మెట్ల మీద వాయించవచ్చు.

మొదటి మూడు నెలలకు టెలిమాన్ 1738లో పారిస్‌లో అచ్చువేయించిన ఆరు కానన్ సొనాటాలు చాలు. ఇద్దరు విద్యార్థులు ఒకే కాగితం చూసి వాయిస్తారు, రెండోవారు కాస్త ఆలస్యంగా మొదలుపెడతారు. ఒకరు తప్పితే ఇద్దరికీ తెలిసిపోతుంది, తప్పు ఎవరిదన్న తగువుకు చోటుండదు. తర్వాత పాఖెల్‌బెల్ ఎనిమిది స్వరాలు. ఆ తర్వాత నేనైతే నొట్టుస్వర సాహిత్యాలు పట్టుకుంటాను. పిల్లలకు ఆ వరసలు ముందే వచ్చు, తల్లిదండ్రులకూ చెవికి అలవాటే. వాటి కింద బేస్ రాసే పనిని విద్యార్థులకే ఇవ్వాలి: ఈ పైస్వరం కింద షడ్జం బాగుందా, మధ్యమం బాగుందా, వాయించి చూసి తేల్చుకోమనాలి. కొరెల్లి రెండో ఏడాదికి.

సాధనకు కూర్చునే పద్ధతిలో కొన్ని విషయాల మీద పట్టుబట్టాలి. అందరూ అర్ధచంద్రాకారంగా, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా కూర్చోవాలి. మొదలుపెట్టే ముందు నడిపేవారు వినబడేలా ఊపిరి తీసుకోవాలి, మిగతావాళ్లు ఆ ఊపిరితోనే తాళం అందుకోవాలి. బేస్ వాయించే చోటును నెలకొకరికి మార్చాలి. ఆ చోటు వెనకబడ్డ పిల్లలకని ఎక్కడైనా ఒక అభిప్రాయం పుడుతుంది, దాన్ని మొదటి రోజే తీసేయాలి. అందుకే మొదటి నెల అక్కడ కూర్చోబెట్టాల్సింది అందరికన్నా బాగా వాయించే విద్యార్థిని.